ఆంక్షలు కావాలంటే ద్రోహి, వద్దంటే తొత్తు: ప్రతిపక్షాల మాటల తిప్పలు

ఒక ప్రభుత్వం ఎన్నికల్లో అక్రమాలు చేసింది, కోర్టులను గుప్పిట్లో పెట్టుకుంది, గిట్టని పత్రికలను మూయించింది. దాంతో అమెరికానో యూరోపియన్ యూనియనో ఆ ప్రభుత్వం మీద ఆంక్షలు ప్రకటించిందనుకోండి. మర్నాడు ఆ దేశపు ప్రతిపక్ష నాయకుడి ముందు మైకులు పెట్టి అడిగే మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది: "మీరు ఈ ఆంక్షలను సమర్థిస్తున్నారా?" అవునంటే సొంత జనం కడుపు కొట్టమని పరాయివాళ్ళను పిలిచిన ద్రోహి అయిపోతాడు. కాదంటే, జైళ్ళలో మగ్గుతున్న తన కార్యకర్తలకు ఏమని జవాబు చెప్పుకోవాలి? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

బయటి నుంచి చూసేవాళ్ళకు ఇది "ప్రతిపక్షం ఆంక్షలకు అనుకూలమా, వ్యతిరేకమా" అన్న సాదా ప్రశ్నలాగే కనిపిస్తుంది. నా లెక్కలో అసలు గొడవ అక్కడ లేదు. ఆంక్షల వల్ల వచ్చే కష్టం ఎవరి ఖాతాలో పడుతుంది, ఆ ఆంక్షలు ఎత్తేయించే తాళంచెవి ఎవరి దగ్గరుందని జనం నమ్ముతారు, మొత్తం మాటల యుద్ధం ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. ఈ రెండూ తేల్చుకున్న ప్రతిపక్షాలు నెగ్గుకొచ్చాయి. తేల్చుకోలేనివి ఇరవై ఏళ్ళైనా సంజాయిషీలు ఇచ్చుకుంటూనే ఉన్నాయి.

ముందు ఒక్క మాట. ఆంక్షలన్నీ ఒక రకం కావు. కొందరు అధికారుల వీసాలు ఆపి, విదేశాల్లోని వాళ్ళ ఆస్తులను స్తంభింపజేయడం ఒక రకం. చమురు, బ్యాంకింగ్ లాంటి రంగాన్ని మొత్తంగా కట్టేయడం ఇంకో రకం. ఇస్తానన్న నిధులు ఆపేయడం, ఎగుమతులకు ఇచ్చిన సుంకం రాయితీ వెనక్కి తీసుకోవడం లాంటివి చట్టం దృష్టిలో ఆంక్షలు కాకపోయినా, జనం మాత్రం వాటినీ ఆంక్షలనే అంటారు. మొదటి రకాన్ని సమర్థించడం ప్రతిపక్షానికి తేలిక, ఎందుకంటే ఎవరో మంత్రి పారిస్‌లో షాపింగ్‌కి వెళ్ళలేకపోతున్నాడని సామాన్యుడు కన్నీళ్ళు పెట్టుకోడు. చిక్కు ఎక్కడొస్తుందంటే, మొదటి రకం ఆంక్షలు పెట్టినా అధికార పక్షం వాటిని రెండో రకంగా చూపించి బతికేస్తుంది.

జింబాబ్వేలో ఏం జరిగింది

దీనికి పాఠ్యపుస్తకం లాంటి కేసు జింబాబ్వేదే. 1999లో ట్రేడ్ యూనియన్ నాయకుడు మోర్గాన్ స్వాంగిరాయ్ నాయకత్వంలో ఎండీసీ పార్టీ పుట్టింది. 2000 ఫిబ్రవరిలో రాజ్యాంగం మీద జరిగిన రెఫరెండంలో అధ్యక్షుడు రాబర్ట్ ముగాబే ఓడిపోయాడు. ఆ తర్వాత శ్వేతజాతి రైతుల పొలాల ఆక్రమణలు, ప్రతిపక్షం మీద దాడులు మొదలయ్యాయి. 2001 డిసెంబరులో అమెరికా జింబాబ్వే మీద జెడ్‌డీఈఆర్‌ఏ అనే చట్టం చేసింది. 2002 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ (ఈయూ) ప్రయాణ నిషేధాలు పెట్టింది. 2003 మార్చిలో అమెరికా ముగాబేతో పాటు మరో 76 మంది ఆస్తులను స్తంభింపజేసింది.

అంటే కాగితం మీద ఇవి ప్రధానంగా వ్యక్తుల మీద ఆంక్షలే. జెడ్‌డీఈఆర్‌ఏలో ఒక నిబంధన మాత్రం వేరు: ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకులలో జింబాబ్వేకి కొత్త అప్పులు ఇచ్చే ప్రతిపాదన వస్తే అమెరికా ప్రతినిధి వ్యతిరేకంగా ఓటేయాలి. అయితే ఆ చట్టం వచ్చేనాటికే జింబాబ్వే పాత బకాయిలు కట్టడం మానేసింది, ప్రపంచ బ్యాంకు 2000లోనే అప్పులు ఆపేసింది. ఇవన్నీ నిజాలే. కానీ మీటింగులో మైకు పట్టుకుని ఇదంతా వివరించి చూడండి, రెండో వాక్యానికే జనం లేచి వెళ్ళిపోతారు. ముగాబే పార్టీ జాను-పీఎఫ్ వాళ్ళు చెప్పింది ఒకే ముక్క: "తెల్లవాళ్ళు ఆంక్షలు పెట్టారు, అందుకే మీకు పని లేదు, రొట్టె లేదు, వాటిని తెప్పించింది ఎండీసీ." 2008లో ద్రవ్యోల్బణం లెక్కకు అందకుండా పోయింది. 2009 జనవరిలో రిజర్వ్ బ్యాంకు లక్ష కోట్ల జింబాబ్వే డాలర్ల నోటును దాటి, ఏకంగా వంద లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చేసింది. ఆ నోటుకు కారణం విచ్చలవిడిగా డబ్బు ముద్రించడం, వ్యవసాయం కుప్పకూలడం అని ఆర్థికవేత్తలు ఎంత మొత్తుకున్నా, కారణాన్ని ఒక్క పదంలో చెప్పగలిగినవాడిదే పైచేయి అయింది.

ఎండీసీ ఇవి అసలు ఆంక్షలే కాదని, "నిర్బంధ చర్యలు" మాత్రమేనని వాదించింది. సాంకేతికంగా ఈయూ భాష కూడా అదే. కానీ ఆకలితో ఉన్నవాడికి నిర్వచనాలు చెప్పడం మొదలుపెట్టిన రోజే వాదన ఓడిపోయినట్టు లెక్క. ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని పాశ్చాత్య మిత్రులు పెద్దగా ఒప్పుకోరు: పేర్ల జాబితా చిన్నదే అయినా, ఎందుకొచ్చిన తలనొప్పి అని విదేశీ బ్యాంకులు ఆ దేశంతో లావాదేవీలే తగ్గించేస్తాయి. కాబట్టి "మామూలు జనానికి ఏమీ కాలేదు" అన్న వాదన కూడా పూర్తిగా నిలబడదు.

2008 మార్చి అధ్యక్ష ఎన్నికల్లో స్వాంగిరాయ్‌కి 47.9 శాతం, ముగాబేకి 43.2 శాతం వచ్చాయి. రెండో విడతకు ముందు హింస పెచ్చుమీరడంతో స్వాంగిరాయ్ పోటీ నుంచి తప్పుకున్నాడు. సెప్టెంబరులో అధికారం పంచుకునే ఒప్పందం కుదిరింది. అందులో ఆంక్షల మీద ఒక అధికరణమే పెట్టారు, అన్ని రకాల ఆంక్షలూ ఎత్తేయాలని దాని మీద ఎండీసీ కూడా సంతకం చేసింది. ఇక చూడండి, జాను-పీఎఫ్ చేతికి బ్రహ్మాస్త్రం దొరికినట్టయింది. మీరు ఇచ్చిన మాట ప్రకారం ఆంక్షలు ఎత్తేయించండి, అప్పటిదాకా మేం చేయాల్సిన సంస్కరణల గురించి అడగొద్దు అని మొదలుపెట్టారు. పెట్టింది మేం కాదు, తీసేది మేం కాదు అని ఎండీసీ అంటే, తెప్పించడం చేతనైన వాళ్ళకు తీయించడం చేతకాదా అని ఎదురు ప్రశ్న. 2011 మార్చిలో ఆంక్షలకు వ్యతిరేకంగా ఇరవై లక్షల సంతకాలంటూ జాను-పీఎఫ్ ఊరూరా ప్రచారం పెట్టింది. సంతకం పెట్టకపోతే ఏమవుతుందో అన్న భయం పల్లెల్లో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. 2013 ఎన్నికల్లో ముగాబే 61 శాతంతో తిరిగొచ్చాడు. ఆ ఎన్నికల తీరు మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయి, ఒక్క ఆంక్షల ప్రచారం వల్లే గెలిచాడని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఆ నాలుగేళ్ళూ ఎండీసీ తన ఎజెండా మాట్లాడటం మానేసి ఎదుటివాడి ఎజెండాకు జవాబులు చెబుతూ గడిపిందన్నది మాత్రం నిజం.

ఈ కథలో నాకు బాగా గుర్తుండిపోయిన సన్నివేశం 2009 జూన్‌లో లండన్‌లో జరిగింది. అప్పటికి ప్రధానమంత్రి అయిన స్వాంగిరాయ్, సహాయం కోసం, తెగిపోయిన సంబంధాలు అతికించుకోవడం కోసం యూరప్, అమెరికా పర్యటనకు వెళ్ళాడు. సదర్క్ కెథడ్రల్‌లో ప్రవాస జింబాబ్వే జనం ముందు మాట్లాడుతూ, దేశంలో శాంతి, స్థిరత్వం వచ్చాయి, మీరు ఇంటికి తిరిగి రండి అన్నాడు. అక్కడున్నవాళ్ళు ఒక్కసారిగా గోల చేశారు. వాళ్ళలో చాలామంది ముగాబేకి భయపడి పారిపోయి వచ్చినవాళ్ళే. తనను ప్రాణంగా చూసుకున్న జనమే కేకలు వేస్తుంటే ప్రసంగం అర్ధాంతరంగా ముగించాల్సి వచ్చింది. దేశంలోపల "ఆంక్షలు తెచ్చిన తొత్తు" అని తిట్టించుకుంటున్న మనిషి, దేశం బయట "ముగాబేని వెనకేసుకొస్తున్నాడు" అని అనిపించుకున్నాడు. రెండూ అదే ఏడాదిలో.

తాళంచెవి ఓటరు చేతిలో పెట్టినవాళ్ళు

ఇప్పుడు సెర్బియా సంగతి. అధ్యక్షుడు స్లోబొదాన్ మిలోషెవిచ్ కాలంలో ఆ దేశం మీద ఆంక్షలు పొరలు పొరలుగా ఉండేవి. పైగా 1999లో నాటో బాంబులు కూడా పడ్డాయి. పాశ్చాత్య దేశాలను పొగిడే ప్రతిపక్షానికి అక్కడ డిపాజిట్లు కూడా దక్కవు. 2000లో ప్రతిపక్ష కూటమి అభ్యర్థిగా వోయిస్లావ్ కోస్తునిత్సాను నిలబెట్టారు. ఆయన జాతీయవాది. బాంబు దాడులనూ ఆంక్షలనూ గట్టిగా విమర్శించినవాడు. అలాంటి మనిషిని నాటో ఏజెంటు అని తిడితే ఎవరికీ అతకదు. కాబట్టి కూటమి చెప్పదలచుకున్నది సూటిగా చెప్పగలిగింది: ఆంక్షలు అన్యాయమే, కానీ మిలోషెవిచ్ ఉన్నంతకాలం అవి పోవు, ఆయన్ని పంపిస్తే పోతాయి.

ఈ మాటకు బలం ఎలా వచ్చిందంటే, అవతలివాళ్ళు కూడా అదే మాట బహిరంగంగా అన్నారు కాబట్టి. ప్రజాస్వామ్య మార్పు వస్తే ఆంక్షలు ఎత్తేస్తామని ఎన్నికలకు కొద్ది రోజుల ముందు ఈయూ ప్రకటించింది. సెప్టెంబరు 24న ఎన్నికలు, అక్టోబరు 5న మిలోషెవిచ్ పతనం, అక్టోబరు 9న చమురు నిషేధం, విమాన నిషేధం రద్దు. మిలోషెవిచ్, ఆయన మనుషుల మీద పెట్టినవి మాత్రం అలాగే ఉంచారు. వారం తిరగకుండా మాట నిలబెట్టుకోవడం ఆంక్షల చరిత్రలో అరుదు.

అంతకుముందు ఏడాదే ఇంకో ప్రయోగం జరిగింది, దీని గురించి తక్కువ మందికి తెలుసు. చమురు నిషేధం వల్ల చలికాలంలో ఊళ్ళను వెచ్చగా ఉంచే ఇంధనం దొరకడం లేదు. నిష్, పిరోత్ లాంటి ప్రతిపక్షం పాలించే పట్టణాలకు మాత్రం ఈయూ హీటింగ్ ఆయిల్ ట్యాంకర్లు పంపించింది, ఆ పథకానికి "ప్రజాస్వామ్యం కోసం ఇంధనం" అని పేరు పెట్టింది. మిలోషెవిచ్ కస్టమ్స్ అధికారులు ఆ ట్యాంకర్లను మాసిడోనియా సరిహద్దులో నిలిపేశారు. ఇంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. అప్పటిదాకా "మిమ్మల్ని చలికి వణికిస్తున్నది యూరప్" అని చెబుతున్న ప్రభుత్వమే ఇప్పుడు ఇంధనాన్ని గేటు దగ్గర ఆపి కూర్చుంది. ప్రతిపక్ష మేయర్లకు వేరే ప్రసంగం రాసుకోవాల్సిన పనే లేకుండా పోయింది.

సొంత ఇంటి డబ్బు గొడవ

ఈయూ లోపలి దేశాల్లో కథ వేరుగా నడుస్తుంది. అక్కడ ఆంక్ష అంటే రావాల్సిన నిధులు ఆగిపోవడం. పోలండ్‌లో పీఐఎస్ (లా అండ్ జస్టిస్ పార్టీ) ప్రభుత్వం జడ్జీల వ్యవస్థను తన చెప్పుచేతల్లోకి తెచ్చుకుందని ఈయూ గొడవ పెట్టుకుంది. 2017 నవంబరులో యూరోపియన్ పార్లమెంటులో పోలండ్‌కు వ్యతిరేకంగా తీర్మానం వస్తే ప్రతిపక్ష సివిక్ ప్లాట్‌ఫాం ఎంపీలు ఆరుగురు దానికి అనుకూలంగా ఓటేశారు. కొద్ది రోజులకే కాటొవిట్సే నగరంలో అతివాద జాతీయవాదులు ఆ ఆరుగురి ఫోటోలను ఉరికొయ్యలకు వేలాడదీసి ప్రదర్శన చేశారు. మీరొక ఎంపీ అనుకోండి. అలాంటి ఫోటో చూశాక తర్వాతి తీర్మానానికి చెయ్యెత్తడానికి ఎంత గుండె కావాలి?

సివిక్ ప్లాట్‌ఫాం నాయకుడు డొనాల్డ్ టస్క్ 2023 ఎన్నికల నాటికి ఈ వాదనను పూర్తిగా తిప్పేశాడు. ఈయూ శిక్ష న్యాయమా కాదా అన్న చర్చలోకే దిగలేదు. మీ డబ్బు ఈయూ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో ఆగిపోయింది, ఆపించింది ఈ ప్రభుత్వపు మొండితనం, నేనొస్తే తెస్తాను అన్నాడు. 2023 అక్టోబరు 15న ఓటింగ్ శాతం 74 దాటింది, డిసెంబరులో టస్క్ ప్రధాని అయ్యాడు, 2024 ఫిబ్రవరిలో 137 బిలియన్ యూరోల వరకు నిధులకు ఈయూ దారి తెరిచింది. మాట నెగ్గింది. కానీ ఇందులో ఒక ముల్లు కూడా ఉంది. అప్పటికి పోలండ్ చట్టాల్లో మారింది చాలా తక్కువ, అధ్యక్షుడు దూడా ఇంకా పీఐఎస్ మనిషే, ఈయూ ఒప్పుకున్నది ఒక కార్యాచరణ ప్రణాళికను చూసి. దాంతో "మేం మొదటి నుంచీ చెబుతున్నాం కదా, గొడవ చట్టం గురించి కాదు, తమ మనిషిని కుర్చీ ఎక్కించడం గురించి" అని పీఐఎస్ ఎత్తుకుంది. ప్రతిపక్షం హామీ ఎంత త్వరగా నెరవేరితే కుమ్మక్కు ఆరోపణకు అంత ఊపిరి పోసినట్టవుతుంది. దీనికి మందు ఉందని నేననుకోను.

హంగరీలో అప్పటి ప్రధాని విక్టర్ ఓర్బాన్‌కి వ్యతిరేకంగా 2024లో రంగంలోకి దిగిన పీటర్ మాగ్యార్ దాదాపు ఇదే దారి పట్టాడు. 2022 డిసెంబరులో ఈయూ ఆ దేశానికి 6.3 బిలియన్ యూరోలు నిలిపేసింది. అందులో ఒక బిలియన్ 2024 చివరికి గడువు దాటి ఇక రాకుండానే పోయింది. పాత ప్రతిపక్షం విలువలు, చట్టబద్ధ పాలన అంటూ మాట్లాడేది, ఓర్బాన్ పార్టీయేమో వాళ్ళను బ్రస్సెల్స్ తొత్తులని కొట్టిపారేసేది. మాగ్యార్ అవినీతి గురించి మాట్లాడాడు. డబ్బు తింటున్నది ఎవరో మీకు తెలుసు, తినడం ఆపితే నిధులొస్తాయి, ఈయూ నిధుల మోసాలను విచారించే యూరోపియన్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ వ్యవస్థలో చేరదాం, ఆగిన సొమ్ము ఇంటికి తెచ్చుకుందాం అన్నాడు. గమనించండి, ఆ వాక్యాల్లో "ఆంక్ష" అన్న మాటే లేదు.

రెండు సభలు, ఒకే ఫోను

ఇరవయ్యో శతాబ్దంలో అయితే వాషింగ్టన్‌లో ఒక మాట, ఊళ్ళో ఒక మాట చెప్పి తప్పించుకునే వీలుండేది. ఇప్పుడు సెనేట్ కమిటీ ముందు మాట్లాడిన వీడియో సాయంత్రానికల్లా సొంతూరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ముగాబే గద్దె దిగి ఎమర్సన్ మనంగాగ్వా జింబాబ్వే అధ్యక్షుడైన కొత్తలో, 2017 డిసెంబరులో, ప్రతిపక్ష నాయకుడు టెండాయ్ బిటి అమెరికా సెనేట్ సబ్‌కమిటీ ముందు హాజరై స్వేచ్ఛగా ఎన్నికలు జరగాలంటే ఏమేం కావాలో చెప్పి వచ్చాడు. రాజధాని హరారేలో మాత్రం అది "ఆంక్షలు అడుక్కోవడానికి వెళ్ళారు" అన్న హెడ్‌లైన్‌గానే మిగిలింది.

వెనిజులాలో 2015లో జరిగింది ఇంకా విచిత్రం. ఏడుగురు అధికారుల మీద ఆంక్షలు పెడుతూ ఒబామా ఇచ్చిన ఉత్తర్వులో, వెనిజులా పరిస్థితి అమెరికా భద్రతకు "అసాధారణ ముప్పు" అని రాసి ఉంది. అమెరికా చట్టం ప్రకారం ఆంక్షలు పెట్టాలంటే ఆ వాక్యం తప్పనిసరిగా ఉండాలి, అదొక ఫార్మాలిటీ. కానీ అప్పటి వెనిజులా అధ్యక్షుడు మదురోకి కావాల్సింది కూడా సరిగ్గా ఆ వాక్యమే. ఆ ఉత్తర్వు రద్దు చేయాలంటూ కోటి సంతకాలు సేకరించామని ప్రకటించుకున్నాడు. ప్రతిపక్ష కూటమి "వెనిజులా ఏ దేశానికీ ముప్పు కాదు" అని తానూ ఒక ప్రకటన ఇచ్చి, వెంటనే సరుకుల కొరత వైపు, దుకాణాల ముందు క్యూల వైపు మాట మళ్ళించింది. అదే ఏడాది డిసెంబరు 6న జాతీయ అసెంబ్లీలో 167 సీట్లకు 112 గెలిచింది. అమెరికా అధ్యక్షుడు చేసిన పనిని సమర్థించే భారం నెత్తికెత్తుకోకపోవడం వల్ల ఊపిరాడింది.

2019లో చమురు సంస్థ పీడీవీఎస్‌ఏ మీద ఆంక్షలు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. వెనిజులా ఆర్థిక వ్యవస్థ 2014 నుంచే కుంగిపోతూ వచ్చింది, తొలి ఆర్థిక ఆంక్షలు 2017లో గానీ రాలేదు, కాబట్టి పాపం మొత్తం ఆంక్షలదే అనడం అబద్ధం. కానీ గాయం మీద కారం చల్లినా మంట మంటే కదా. ప్రతిపక్ష నాయకుల్లో హువాన్ గ్వైడో శిబిరం ఒత్తిడి ఇంకా పెంచమంది. హెన్రికే కాప్రిలెస్ లాంటివాళ్ళు కాలక్రమంలో, ఈ చమురు ఆంక్షలు మనకే ఎదురు తిరుగుతున్నాయని బాహాటంగా చెప్పారు. మారియా కొరీనా మచాడో ఒత్తిడి వైపే నిలబడింది. ఒకే ప్రతిపక్షం నుంచి మూడు గొంతులు. ఏది ప్రతిపక్షం మాట అని అడిగితే ప్రభుత్వ టీవీ తనకు కావాల్సింది ఏరుకునేది.

ఇలా ఒక చేత్తో ఒకటి, ఇంకో చేత్తో ఇంకొకటి చేస్తే ఏమవుతుందో రష్యా ప్రతిపక్షం తెలుసుకుంది. అలెక్సీ నవాల్నీ స్థాపించిన అవినీతి వ్యతిరేక సంస్థ వేల పేర్లతో జాబితా తయారుచేసి, పుతిన్ పాలనకు కొమ్ముకాస్తున్న వీళ్ళ మీద ఆంక్షలు పెట్టండని పాశ్చాత్య దేశాలను కోరుతూ ఉండేది. 2023 మార్చిలో ఒక లేఖ బయటపడింది. ఆ సంస్థ చైర్మన్ లియోనిద్ వోల్కోవ్ 2022 అక్టోబరులో ఈయూ విదేశాంగ ప్రతినిధి జోసెప్ బొరెల్‌కి రాసిన లేఖ అది. ఆల్ఫా గ్రూపు అధిపతుల్లో ఒకరైన మిఖాయిల్ ఫ్రిద్మాన్, ఆయన భాగస్వాముల మీద ఆంక్షలు తీసేయమని అందులో కోరాడు. లేఖ బయటపెట్టింది జర్నలిస్టు అలెక్సీ వెనెదిక్తోవ్. అసలు అప్పటికే వెనెదిక్తోవ్‌తో వీళ్ళకు గొడవ నడుస్తోంది. వోల్కోవ్ తప్పు ఒప్పుకుని పదవి నుంచి పక్కకు తప్పుకున్నాడు. సంపన్నులు పుతిన్‌ను వదిలి రావాలంటే వాళ్ళకో దారి చూపించాలి కదా అన్న వాదనలో పస లేదని నేననను. ఆ వాదన ముందు జనానికి చెప్పి, తర్వాత లేఖ రాసుంటే అది విధానం అయ్యేది. తలుపు చాటున రాయడంతో బేరం అయింది.

మేం భరిస్తాం అనే హక్కు ఎవరిది?

జనానికి తగిలే ఆంక్షలను కూడా ఒళ్ళు దాచుకోకుండా సమర్థించిన ప్రతిపక్షాలూ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో 1959లో నల్లజాతి ఉద్యమ నాయకుడు ఆల్బర్ట్ లుథులి, ఆయన సహచరులు ప్రపంచానికి బహిష్కరణ పిలుపునిస్తూ దాచకుండా చెప్పిన మాట ఇది: దీనివల్ల ఆఫ్రికన్లకు కష్టం తప్పదు, కానీ రక్తపాతపు రోజులను తగ్గించేది ఇదే అయితే ఆ మూల్యం మేం చెల్లిస్తాం. అక్కడ ఉన్నది వెనక్కి నడిచిన ప్రజాస్వామ్యం కాదు, మెజారిటీకి ఓటే లేని వర్ణవివక్ష వ్యవస్థ, కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు. భారతదేశం 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసింది, మిగతా ప్రపంచం కదలడానికి దశాబ్దాలు పట్టింది. దేశం లోపలే వర్ణవివక్షను వ్యతిరేకించే హెలెన్ సుజ్‌మన్, జులూ నాయకుడు బుతెలెజి లాంటివాళ్ళు ఆంక్షలు నల్లజాతి కార్మికుల పొట్ట కొడతాయని వ్యతిరేకించారు. అయినా లుథులి మాట నిలబడటానికి కారణం, ఆయన ఆ మాట దేశంలోనే ఉండి, తన మీద ప్రభుత్వ నిర్బంధ ఉత్తర్వులు ఉండగా అన్నాడు. కష్టం పడేవాడే అన్న మాట అది.

ప్రవాసంలో ఉన్న నాయకుడు అదే మాట అంటే వేరేలా వినిపిస్తుంది. కంబోడియాలో 2017 నవంబరులో ప్రధాన ప్రతిపక్ష పార్టీ సీఎన్‌ఆర్‌పీని కోర్టు రద్దు చేసింది, 2018లో అప్పటి ప్రధాని హున్ సేన్ పార్టీ 125కి 125 సీట్లూ ఊడ్చేసింది. విదేశాల్లో ఉన్న సీఎన్‌ఆర్‌పీ నాయకుడు సామ్ రెయిన్సీ ఒత్తిడి పెంచమని యూరప్‌ను కోరుతూ వచ్చాడు. 2020 ఆగస్టులో ఈయూ కంబోడియా ఎగుమతుల్లో ఐదో వంతుకు సుంకం రాయితీ తీసేసింది. ఆ ఎగుమతుల్లో వస్త్రాలు ముఖ్యం, ఆ వస్త్రాలు కుట్టే కార్మికులే గతంలో ఆ పార్టీకి పెద్ద అండ. హున్ సేన్ ఈలోపు ఊరికే కూర్చోలేదు. 2017 నుంచే గార్మెంట్ కార్మికులతో వరసబెట్టి సభలు పెట్టి, జీతాలు పెంచుతానంటూ సెల్ఫీలు దిగుతూ తిరిగాడు. పారిస్‌లో ఉన్నవాడి మాట, పక్కన నిలబడి ఫోటో దిగినవాడి మాట, రెంటిలో కార్మికురాలి చెవికి ఏది దగ్గరో చెప్పక్కర్లేదు.

మయన్మార్‌లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ 2011 ఫిబ్రవరిలో ఇచ్చిన ప్రకటన ఈ రెంటికీ మధ్యస్తంగా ఉంటుంది: ఆర్థిక కష్టాలకు కారణం పాలకుల చేతకానితనం, ఆంక్షల దెబ్బ సామాన్యులకంటే పాలకులకే ఎక్కువ, ఎత్తివేత గురించి మాట్లాడుకోవడానికి సిద్ధం. ఇంతకుముందు 2009లో ఆమె సైనిక పాలకుడు థాన్ ష్వేకి లేఖ రాసి ఆంక్షల ఎత్తివేతకు సహకరిస్తానంది. అంటే ఆంక్షలను ఒక నైతిక విషయంగా కాకుండా చేతిలో ఉన్న పేకముక్కలా వాడుకుంది.

బంగ్లాదేశ్‌ది మాత్రం నవ్వు తెప్పించే ఉదాహరణ. 2021 డిసెంబరు 10న అమెరికా ఆర్‌ఏబీ అనే ప్రత్యేక దళం మీద, దాని అధికారుల మీద ఎన్‌కౌంటర్ హత్యల ఆరోపణలతో ఆంక్షలు పెట్టింది. దేశం పరువు తీసింది ప్రభుత్వమేనని అప్పటి ప్రతిపక్షం బీఎన్‌పీ అంది, లాబీయిస్టులను పెట్టి పరువు తీయించింది మీరేనని అధికారంలో ఉన్న అవామీ లీగ్ అంది. ఆ ఆర్‌ఏబీని 2004లో ఏర్పాటు చేసింది ఎవరో తెలుసా? అప్పుడు అధికారంలో ఉన్న బీఎన్‌పీయే.

నోరు మూయించే చట్టాలు

ఈ మధ్య కొన్ని ప్రభుత్వాలకు ఈ వాదనలన్నీ విసుగొచ్చాయి. సింపుల్‌గా, ఆంక్షలు అడగడమే నేరం చేసేశాయి. నికరాగువా 2020 డిసెంబరులో చట్టం 1055 తెచ్చి, ఆంక్షలు కోరినవాళ్ళు, హర్షించినవాళ్ళు కూడా దేశద్రోహులు, ఎన్నికల్లో పోటీకి అనర్హులు అంది. మరుసటి ఏడాది ఎన్నికలకు ముందు అధ్యక్ష పదవికి పోటీ చేద్దామనుకున్న ఏడుగురిని లోపలేసింది. చప్పట్లు కొట్టినా నేరమే అన్నమాట. హాంకాంగ్ జాతీయ భద్రతా చట్టంలో 29వ సెక్షన్ ఇదే పని చేస్తుంది. బెలారస్‌లో శిక్ష పన్నెండేళ్ళ దాకా ఉంది. జింబాబ్వే 2023 ఆగస్టు ఎన్నికలకు కొద్ది వారాల ముందు దేశ సార్వభౌమత్వానికి హాని అనే కొత్త నేరాన్ని సృష్టించింది. వెనిజులా 2024 నవంబరు చివర్లో చేసిన చట్టం అన్నిటినీ మించిపోయింది: పాతిక నుంచి ముప్పై ఏళ్ళ జైలు, అరవై ఏళ్ళ దాకా పోటీకి అనర్హత.

ఇలాంటి చోట్ల ప్రతిపక్ష ప్రకటనలు చదివే తీరు మార్చుకోవాలి. "మేం ఆంక్షలకు వ్యతిరేకం" అని ఒక నాయకుడంటే అది ఆయన అభిప్రాయమో, లాయరు రాసిచ్చిన వాక్యమో తెలియదు. మౌనంగా ఉంటే అది అంగీకారమో భయమో తెలియదు. సర్వేల్లో జనం ఆంక్షలను వ్యతిరేకిస్తున్నారని తేలినా, ఫోన్లో అవతల అడుగుతున్నది ఎవరో తెలియని మనిషి ఇంకేం చెబుతాడు? అందుకే నేను ఇలాంటి దేశాల నుంచి ప్రకటన వస్తే ముందు చూసేది ఆ మాట అన్న మనిషి ఎక్కడున్నాడన్నది. ఆ తర్వాత, అందులో దేశం పేరుందా, మనుషుల పేర్లున్నాయా అని. అన్నిటికంటే ముఖ్యంగా, ఏం చేస్తే ఆంక్షలు పోతాయో చెప్పారా లేదా అని. షరతు చెప్పని ప్రకటన దాదాపు ఎప్పుడూ విదేశీ చెవుల కోసం రాసిందే.

ఇక చాలు అని ఎప్పుడు చెప్పాలి

పెట్టమనడం కంటే తీసేయమనడం కష్టం. 1990లో జైలు నుంచి బయటికొచ్చిన మండేలా ఆంక్షలు కొనసాగించమనే ప్రపంచాన్ని కోరాడు. 1993 సెప్టెంబరు 24న ఐక్యరాజ్య సమితిలో నిలబడి ఆర్థిక ఆంక్షలు ఎత్తేయమన్నాడు. ఆ ముందురోజే దక్షిణాఫ్రికా పార్లమెంటు పరివర్తన మండలి చట్టాన్ని ఆమోదించింది. అంటే అడిగింది చేతికి అందిన మర్నాడు, అంతకు ఒక్కరోజు ముందు కాదు. ఇంత శుభ్రంగా కుదరడం అదృష్టం.

బెలారస్‌లో అలా కుదరడం లేదు. 2020 ఎన్నికల తర్వాత దేశం విడిచిన ప్రతిపక్ష నాయకురాలు స్వెత్లానా తిఖనోవ్‌స్కాయా బృందం ఏళ్ళ తరబడి కఠిన ఆంక్షలే కోరుతూ వచ్చింది. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు లుకషెంకో 52 మంది ఖైదీలను వదిలాడు, బదులుగా అమెరికా ఆ దేశపు విమాన సంస్థ బెలావియా మీద ఆంక్షలు సడలించింది. డిసెంబరులో 123 మందిని వదిలాడు, వాళ్ళలో నోబెల్ శాంతి బహుమతి గ్రహీత అలెస్ బియాలియాట్‌స్కీ, మరియా కలెస్నికావా ఉన్నారు. బదులుగా పొటాష్ ఎరువుల మీద అమెరికా ఆంక్షలు పోయాయి. వదిలినవాళ్ళను చాలావరకు దేశం దాటించేశారు. సెప్టెంబరులో మికోలా స్టాట్కేవిచ్ అనే సీనియర్ నాయకుడు సరిహద్దులో బస్సు దిగి, దేశం వదిలి పోనని మొండికేసి మళ్ళీ జైలుకే వెళ్ళాడు.

ఇప్పుడు ప్రతిపక్షం ఏమనాలి? వద్దంటే జైల్లో ఉన్నవాళ్ళ తల్లిదండ్రుల ముఖం చూడలేరు. సరేనంటే, ఒకరిని వదిలి ఇద్దరిని పట్టుకునే వ్యాపారానికి గిరాకీ పెంచినట్టవుతుంది. ప్రస్తుతానికి అమెరికాకు కృతజ్ఞతలు చెబుతూ, యూరప్‌ను మాత్రం తొందరపడొద్దంటున్నారు. వినడానికి ద్వంద్వ నీతిలా ఉన్నా దానికో భౌగోళిక తర్కం ఉంది. బెలారస్ పొటాష్ ఒకప్పుడు లిథువేనియాలోని క్లైపెడా రేవు నుంచి సముద్రమెక్కేది, ఆ దారిని లిథువేనియా 2022 ఫిబ్రవరిలో మూసేసింది. అమెరికా అనుమతించినంత మాత్రాన ఆ రైళ్ళు కదలవు. ఆ దారి తెరవాలంటే ఈయూ ఒప్పుకోవాలి, లుకషెంకో దగ్గర ఇంకా వందల మంది ఖైదీలున్నారు, తర్వాతి బేరంలో ఎంతమందికి ఏ సరుకు అన్నది ప్రతిపక్షమే ముందు తేల్చుకోవాలి.